టేపుకూ డీఏడబ్ల్యూకూ జత కుదర్చడం: ప్రాజెక్టు డైరీ

మొదటి రోజు

నా దగ్గర అర అంగుళం టేపు మీద ఎనిమిది ట్రాకులు రికార్డు చేసే ఓపెన్ రీల్ యంత్రం ఉంది. డ్రమ్స్, బేస్, గాత్రం టేపు మీద పడినప్పుడు వచ్చే నిండుదనాన్ని వదులుకోవడం నాకు ఇష్టం లేదు. అలాగని కూర్పు, సవరణ, మిగిలిన వాద్యాల పని కంప్యూటర్‌లో ధ్వనిని రికార్డు చేసి సవరించే సాఫ్ట్‌వేర్ అయిన డీఏడబ్ల్యూలో సాగినంత హాయిగా టేపు మీద సాగదు. టేపు మీద ఉన్నదంతా ఒక్కసారి కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని అక్కడే పని ముగించడం తేలికైన దారే. అయితే కంప్యూటర్‌లోని వాద్యాలను వింటూ టేపు మీద కొత్త ట్రాకు వేయాలన్నా, చివరి మిక్సింగ్‌లో రెండింటినీ ఒకే మిక్సర్‌లోకి తెచ్చి వినాలన్నా ఆ దారి పనికిరాదు. పాటలో ఎక్కడ ప్లే నొక్కినా రెండు యంత్రాలూ అక్కడి నుంచి కలిసి నడవాలన్నది ఈ ప్రాజెక్టు లక్ష్యం.

ముందుగా ఏ పరికరమూ లేకుండా, నెల క్రితం టేపు మీద రికార్డు చేసిన నాలుగు నిమిషాల పాటను, అప్పుడే కంప్యూటర్‌లోకి తీసుకున్న దాని ప్రతితో కలిపి, రెండు ప్లే బటన్లూ ఒకేసారి నొక్కి విన్నాను. మొదటి చరణం దాకా ఫరవాలేదనిపించింది. పాట ముగిసేసరికి టేపు దాదాపు పావు సెకను వెనకబడింది. లెక్క వేస్తే ఇందులో వింతేమీ లేదు. 240 సెకన్లలో 0.1 శాతం అంటే 240 మిల్లీసెకన్లు. 0.1 శాతం వేగం తేడా శ్రుతిలో 2 సెంట్లు (ఒక సెంటు అంటే సెమిటోనులో నూరో వంతు) కూడా కాదు కాబట్టి చెవికి ఆనదు. తాళంలో మాత్రం అదే తేడా సెకను సెకనుకూ పోగుపడి పాటను విరగ్గొడుతుంది.

అదే యంత్రం మీద రికార్డు చేసి అదే యంత్రం మీద వింటున్నాం కదా, వేగంలోని తప్పు రెండుసార్లూ ఒకటే అయి సరిపోవాలి కదా అన్న అనుమానం నాకూ వచ్చింది. తప్పు స్థిరంగా ఉంటే నిజంగానే సరిపోయేది. టేపును లాగే కాప్‌స్టన్ అనే ఇరుసు మోటారు క్వార్ట్జ్ లెక్కన తిరుగుతున్నా, టేపును కాప్‌స్టన్‌కు అదిమిపట్టే పించ్ రోలర్ రబ్బరు వయసు, గది వేడి, రీలులో మిగిలిన టేపు బరువు, బిగి మారినకొద్దీ టేపు కొద్ది కొద్దిగా జారుతుంది. ఆ జారుడు ఏ రోజుకు ఆ రోజే. ఇక క్వార్ట్జ్ గడియారాలు కూడా పూర్తిగా ఒకదానితో ఒకటి ఏకీభవించవు. పది లక్షలలో 50 వంతుల తేడా ఉన్న రెండు డిజిటల్ పరికరాలు కూడా నాలుగు నిమిషాలలో 12 మిల్లీసెకన్లు విడిపోతాయి.

నోటుపుస్తకం మొదటి పేజీలో రెండు ప్రశ్నలు రాసుకున్నాను. ఇప్పుడు పాటలో ఎక్కడ ఉన్నాం? ఎంత వేగంతో వెళుతున్నాం? మొదటిది స్థానం, రెండోది వేగం. రెండు యంత్రాలను కలిపి నడపడాన్ని చెప్పే సింక్ అన్న ఒక్క మాటలో ఈ రెండూ కలిసిపోయి ఉండడం వల్లనే ఈ పనిలో చాలామంది తికమక పడతారని నా నమ్మకం.

వేగం ప్రశ్నకు మాత్రమే జవాబు చెప్పిన ఒక పాత ఉదాహరణ నాకెంతో ఇష్టం. 1967 ఫిబ్రవరి 10న లండన్‌లోని అబ్బే రోడ్డులో ఉన్న ఈఎంఐ స్టూడియోలో బీటిల్స్ పాట ఒకదానికి ఆర్కెస్ట్రాను రికార్డు చేస్తున్నప్పుడు నాలుగు ట్రాకులు చాలలేదు. ఇంజినీరు కెన్ టౌన్‌సెండ్ మొదటి యంత్రంలోని ఒక ట్రాకు మీద 50 హెర్ట్జ్ ధ్వనిని రికార్డు చేసి, దాని శక్తిని పెంచి, రెండో యంత్రం కాప్‌స్టన్ మోటారును ఆ ధ్వనితోనే తిప్పారు. మొదటి టేపు నెమ్మదిస్తే రెండో మోటారూ అంతే నెమ్మదించేది. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలన్నది మాత్రం మనుషులే గుర్తులు పెట్టుకుని, చెవితో సరిచూసుకుని తేల్చుకోవలసి వచ్చింది.

నాలుగవ రోజు

ఎలక్ట్రానిక్స్ జోలికి వెళ్లే ముందు యంత్రం ఒంటిని బాగుచేయాలి. ధ్వనిని టేపు మీద రాసే, చదివే హెడ్లు, టేపుకు దారి చూపే గైడులు తుడిచి, డీమాగ్నెటైజ్ చేసి, 3150 హెర్ట్జ్ ధ్వని ఉన్న టెస్టు టేపును పెట్టి ఫ్రీక్వెన్సీ మీటరు చూశాను. యంత్రం చల్లగా ఉన్నప్పుడు 3144. గంటసేపు నడిచాక 3147. అంటే వేడెక్కే లోపలే వేగం 0.1 శాతం దాకా మారుతోంది. మొదటి రోజు చూసిన పావు సెకను తేడాకు సమాధానం ఇక్కడే దొరికింది. పించ్ రోలర్‌ను వేలితో తడిమితే రబ్బరు అద్దంలా నునుపు తేలి ఉంది. కొత్త రోలర్ వేసిన తరువాత చల్లని యంత్రంలో 3148, వేడెక్కాక 3149 వచ్చాయి. మిగిలిన 0.03 శాతం సంగతి సింక్ చూసుకోవాలి. జారే రోలర్‌తో నడిచే టేపును ఎంత మంచి ఎలక్ట్రానిక్స్ పెట్టినా అదుపు చేయలేమని ఈ రోజు అనుభవంతో గట్టిగా చెప్పగలను.

ఏడవ రోజు

ఈ రోజు టేపు మీద టైమ్‌కోడ్, అంటే టేపులో ప్రతి చోటికీ ఒక సమయాన్ని గుర్తుగా ఇచ్చే సంకేతం, వేశాను. సినిమా, టీవీ ఇంజినీర్ల సంఘమైన ఎస్‌ఎంపీటీఈ టైమ్‌కోడ్‌ను ఆడియో ధ్వనిగా మార్చి ట్రాకు మీద రికార్డు చేసే రూపాన్ని ఎల్‌టీసీ అంటారు. సెకనును సమాన భాగాలు చేస్తే వచ్చే ఒక్కో ఫ్రేముకు 80 బిట్లు ఉంటాయి. గంటలు, నిమిషాలు, సెకన్లు, ఫ్రేముల అంకెలతో పాటు వాడుకరి ఇష్టానికి వదిలిన 32 బిట్లు, చివర ఫ్రేము ముగిసిందని చెప్పే 16 బిట్ల సింక్ పదం అందులో ఉంటాయి. ప్రతి బిట్ మొదట్లో తరంగం ఒకసారి దిశ మారుతుంది. ఆ బిట్ ఒకటి అయితే మధ్యలో ఇంకోసారి మారుతుంది. విషయమంతా మారిన క్షణాలలోనే ఉంటుంది కనుక తీగలు తారుమారై పోలారిటీ తిరగబడినా కోడ్ చదవవచ్చు, వేగం కొంత అటూ ఇటూ అయినా చదవవచ్చు. సింక్ పదంలో వరుసగా పన్నెండు ఒకట్లు ఉండి, వాటికి ముందు రెండు సున్నాలు, తరువాత ఒక సున్నా, ఒక ఒకటి ఉంటాయి. ఈ అమరిక రెండు వైపుల నుంచీ ఒకేలా ఉండదు కాబట్టి టేపు ముందుకు వెళుతోందో వెనక్కి వెళుతోందో కూడా తెలిసిపోతుంది. ఇంత సాదా ధ్వనిలో ఇంత ఆలోచన ఇమిడి ఉండడం చూసినప్పుడల్లా నాకు దీన్ని రూపొందించిన వారి మీద గౌరవం పెరుగుతుంది.

ఫ్రేముల వేగంగా సెకనుకు 25ను ఎంచుకున్నాను. వీడియోతో పని లేనప్పుడు 29.97 జోలికి వెళ్లకపోవడమే మేలు. డ్రాప్ ఫ్రేమ్ పద్ధతిలో ప్రతి పదో నిమిషం తప్ప మిగతా నిమిషాలన్నింటి మొదట్లో రెండు అంకెలు దాటవేయవలసి ఉంటుంది, అది ఒక యంత్రంలో ఉండి మరో యంత్రంలో లేకపోతే గంటకు 3.6 సెకన్ల తేడా వస్తుంది. 25కు ఇంకో సుగుణం ఉంది. నా సెషన్లు 48 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకు 48,000 సాంపుళ్లతో (ధ్వని కొలతలతో), నడుస్తాయి. 48,000ను 25తో భాగిస్తే ఫ్రేముకు 1920 సాంపుళ్లు, దాన్ని 80తో భాగిస్తే బిట్‌కు సరిగ్గా 24 సాంపుళ్లు. ఎక్కడా భిన్నం మిగలదు. ఈ వేగంలో సున్నాలన్నీ 1000 హెర్ట్జ్ దగ్గర, ఒకట్లన్నీ 2000 హెర్ట్జ్ దగ్గర వినిపిస్తాయి. అంటే చెవి చాలా సులువుగా పట్టే ప్రాంతంలో, గొంతు చించుకున్నట్టు ఉండే ధ్వని ఇది. పక్క ట్రాకులోకి కారిందంటే దాచడం కష్టం.

అందుకే టైమ్‌కోడ్‌ను అంచున ఉన్న 8వ ట్రాకు మీద వేసి, 7వ ట్రాకును కాపలాగా ఖాళీ ఉంచాను. ఎంత స్థాయిలో వేయాలన్నది మూడు ప్రయత్నాలలో తేలింది. 0 వీయూ (రికార్డింగ్ మీటరు మీది ప్రామాణిక స్థాయి) దగ్గర కోడ్ బ్రహ్మాండంగా చదవబడింది కానీ 7వ ట్రాకులో రొద స్పష్టంగా వినిపించింది. మైనస్ 15 దగ్గర రొద లేదు గానీ, టేపులో చిన్న చిన్న డ్రాపవుట్లు (ధ్వని క్షణకాలం పడిపోవడాలు) వచ్చిన చోటల్లా కోడ్ తెగింది. మైనస్ 7 దగ్గర రెండు ఇబ్బందులూ సర్దుకున్నాయి.

మధ్యలో ఒక గంట వృథా అయింది. స్థాయి సరిగానే ఉన్నా రీడరు కోడ్‌ను పదే పదే కోల్పోతోంది. ఆసిలోస్కోప్‌లో చూస్తే చతురస్రంగా ఉండవలసిన తరంగం ఫ్రేము మొదట్లో ఉబ్బి, చివరకు కుంగుతోంది. 8వ ట్రాకు మీద టేపు రొదను తగ్గించే నాయిజ్ రిడక్షన్ పరికరాన్ని ఆపడం నేను మరిచిపోయాను. ఆ పరికరం సంగీతం స్థాయిని నొక్కి, తిరిగి విప్పే పని చేస్తుంది. టైమ్‌కోడ్‌కు అది విషంతో సమానం. దాన్ని బైపాస్ చేయగానే కోడ్ నిలబడింది.

కోడ్‌ను సున్నా గంటల నుంచి మొదలుపెట్టకుండా 00:59:30:00 నుంచి మొదలుపెట్టి, పాటను 01:00:00:00 దగ్గర ఉంచాను. పాటకు కొంచెం ముందు నుంచి టేపును నడిపే ప్రీరోల్ కోసం సున్నా కంటే వెనక్కి వెళితే కోడ్ 23:59 అవుతుంది, సింక్ పరికరం పాటను దాదాపు ఒక రోజు అవతల వెతకడం మొదలుపెడుతుంది. రీలు మొత్తం, 38.1 సెంటీమీటర్ల వేగంతో సుమారు 32 నిమిషాలు, ఒకే విడతలో కోడ్ వేసి, ఆ వెంటనే 8వ ట్రాకు రికార్డు స్విచ్‌ను సేఫ్‌లో ఉంచి దాని మీద ఎర్ర రంగు అంటుకునే టేపు వేశాను. సంగీతం చేరిన తరువాత ఈ ఒక్క ట్రాకు చెరిగిపోయిందంటే సంగీతం ఉన్న ఆరూ అనాథలవుతాయి.

పదకొండవ రోజు

మొదటి పద్ధతి: టేపు ముందు నడవాలి, డీఏడబ్ల్యూ దాని వెంట రావాలి. ఆర్డోర్, రీపర్ వంటి డీఏడబ్ల్యూలు ఎల్‌టీసీని ఆడియో ఇన్‌పుట్ నుంచి నేరుగా చదవగలవు. లేకపోతే ఒక చిన్న పరికరంతో దాన్ని మిడీ (వాద్యాలకూ కంప్యూటర్‌కూ మధ్య నడిచే ఆదేశాల భాష) టైమ్‌కోడ్‌గా మార్చి ఇవ్వవచ్చు. మిడీ టైమ్‌కోడ్‌లో ఒక సమయం పూర్తిగా అందడానికి ఎనిమిది చిన్న సందేశాలు, అంటే రెండు ఫ్రేములు పడుతుంది. 25 ఫ్రేముల దగ్గర అది 80 మిల్లీసెకన్లు.

డీఏడబ్ల్యూ మొదట్లో ఒకసారి స్థానం పట్టుకుని తరువాత తన సొంత గడియారంతో నడిచే అమరికలో మొదలు చక్కగా కలిసింది, పాట సాగినకొద్దీ మళ్లీ విడిపోయింది. స్థానానికి జవాబు దొరికింది, వేగానికి దొరకలేదు. టౌన్‌సెండ్ గారి యంత్రాలకు ఇది సరిగ్గా తలకిందులు. ఆ తరువాత డీఏడబ్ల్యూ నిరంతరం టేపును అనుసరిస్తూ ధ్వనిని రీసాంపుల్ చేసే (వేగానికి తగ్గట్టు సాంపుళ్లను మళ్లీ లెక్కగట్టే) అమరిక పెట్టాను. ఇప్పుడు పాట చివరి దాకా విడిపోలేదు. కానీ ఆర్గన్ మీద పట్టి ఉంచిన ఒక పొడవైన స్వరాన్ని ఒంటరిగా విన్నప్పుడు అది సన్నగా వణుకుతోంది. టేపులోని వణుకునంతా కంప్యూటర్ నిజాయితీగా అనుసరించి, అంతకు ముందు కదలకుండా ఉన్న స్వరానికి అంటించింది. అనుసరణను నెమ్మదింపజేస్తే వణుకు తగ్గింది, తేడా పెరిగింది.

1980లలో టేపే యజమానిగా ఉండి సీక్వెన్సర్ దాని వెంట నడిచేది, ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. కారణం ఇప్పుడు నాకు తేటతెల్లంగా అర్థమైంది. సీక్వెన్సర్‌లో ఉన్నది శబ్దం కాదు, ఏ స్వరం ఎప్పుడు మోగాలన్న ఆదేశం మాత్రమే. ఆదేశం అర మిల్లీసెకను ముందు వెనకలైతే సింథసైజర్ శ్రుతి మారదు. కంప్యూటర్‌లో ఆడియో వచ్చి చేరిన తరువాత సెకనుకు 48,000 సాంపుళ్లు ఒక క్రమంలో బయటకు రావలసిందే. గడియారం ఊగితే శ్రుతి ఊగుతుంది.

టైమ్‌కోడ్ నుంచి వర్డ్ క్లాక్ (సాంపుళ్లు ఎప్పుడెప్పుడు రావాలో చెప్పే గడియార సంకేతం) తయారుచేసి, కంప్యూటర్ ఆడియో ఇంటర్‌ఫేస్ గడియారాన్నే టేపుకు కట్టివేసే పరికరాలు ఉన్నాయి. బయటి నుంచి వేగాన్ని మార్చే వీలు లేని టేపు యంత్రానికి అదే సరైన మార్గం, అది పనిచేసే మార్గం కూడా. నా యంత్రం వెనక మాత్రం కాప్‌స్టన్ సర్వోకు (మోటారు వేగాన్ని అదుపులో ఉంచే సర్క్యూటుకు) బయటి నుంచి 9.6 కిలోహెర్ట్జ్ రిఫరెన్స్ సంకేతం ఇవ్వగల కనెక్టర్ ఉంది. పాత వృత్తి యంత్రాలు చాలావాటిలో ఈ 9.6 కిలోహెర్ట్జ్ ఏర్పాటు కనిపిస్తుంది. స్థిరంగా నిలబడగల గడియారాన్ని కదిలించి, ఎలాగూ కదులుతూ ఉండే మోటారును దానికి యజమానిని చేయడం నాకు సబబుగా తోచలేదు. ఇక నుంచి డీఏడబ్ల్యూ ముందు నడుస్తుంది, టేపు వెంట వస్తుంది.

పదహారవ రోజు

డీఏడబ్ల్యూ వెంట టేపును నడిపించే పెట్టె తయారైంది. అందులోని మైక్రోకంట్రోలర్‌కు రెండు ఎల్‌టీసీ ఇన్‌పుట్లు ఉన్నాయి: ఒకటి డీఏడబ్ల్యూ సెషన్‌లో సాధారణ ఆడియో ట్రాకుగా మోగే కోడ్, రెండోది టేపు 8వ ట్రాకు నుంచి వచ్చే కోడ్. రెండింటి సింక్ పదాలూ ముగిసే క్షణాలను టైమరుతో నమోదు చేసి, తేడాను బట్టి 9600 హెర్ట్జ్‌కు కొంచెం పైనో కిందనో ఉండే రిఫరెన్స్‌ను పెట్టె టేపు యంత్రానికి పంపుతుంది.

ఇందులో ముందుగా పడిన గోతిని వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ దారిలో వచ్చే ప్రతి ఒక్కరికీ అది ఎదురవుతుంది. 16 మెగాహెర్ట్జ్ గడియారాన్ని టైమరుతో భాగించి 9600 తీయాలంటే 1666తోనో 1667తోనో భాగించాలి. ఈ రెండింటి మధ్య తేడా 0.06 శాతం. దిద్దుకోవలసిన తప్పే 0.03 శాతం అయినప్పుడు 0.06 శాతం మెట్లున్న నిచ్చెన దేనికీ పనికిరాదు. టేపు ఒక మెట్టు మీద ముందుకు జరుగుతూ, ఇంకో మెట్టు మీద వెనక్కి జరుగుతూ అలాగే ఉండిపోయింది. టైమరును వదిలేసి ఏడీ9833 అనే డిజిటల్ సింథసిస్ చిప్‌ను పెట్టాను. 25 మెగాహెర్ట్జ్ గడియారంతో అది సుమారు 0.1 హెర్ట్జ్ మెట్లతో కదులుతుంది, అంటే 9600 దగ్గర పది లక్షలలో 10 వంతులు. ఆ మెట్టు మీద టేపు సెకనుకు 10 మైక్రోసెకన్ల కంటే ఎక్కువ తప్పిపోదు.

పెట్టె భూమి తీగ, టేపు యంత్రం భూమి తీగ కలిసిన వెంటనే మిక్సర్‌లో 50 హెర్ట్జ్ హమ్ మొదలైంది. ఎల్‌టీసీ ఇన్‌పుట్లకు ఆడియో ట్రాన్స్‌ఫార్మర్లు, రిఫరెన్స్ అవుట్‌పుట్‌కు ఆప్టోకప్లర్ పెట్టి రెండింటినీ విద్యుత్తుపరంగా విడదీశాక హమ్ పోయింది.

ఇరవయ్యవ రోజు

ఈ నాలుగు రోజులూ దిద్దుబాటు ఎంత చురుకుగా ఉండాలన్న దాని మీదే గడిచాయి. తేడా ఎంత ఉంటే దానికి తగిన నిష్పత్తిలో వేగాన్ని మార్చడం తేలికైన పద్ధతి. మొదట ఉత్సాహంతో 1 మిల్లీసెకను తేడాకు 0.8 శాతం వేగం మారేలా పెట్టాను. టేపు లాక్‌కు (రెండు కోడ్‌లూ కలిసి నిలిచే స్థితికి) దగ్గరగా వచ్చి, దాటిపోయి, వెనక్కి తిరిగి, మళ్లీ దాటిపోయి ఊయలలా ఊగడం మొదలుపెట్టింది. గాత్రం శ్రుతి దానితో పాటు ఊగింది. పెట్టె ఆదేశం ఇచ్చిన తరువాత మోటారు సర్వో సర్దుకోవడానికి సుమారు పావు సెకను పైనే పడుతుంది. ఆ ఆలస్యాన్ని పట్టించుకోకుండా తొందరపెడితే ప్రతి దిద్దుబాటూ ఆలస్యంగా చేరి కొత్త తప్పవుతుంది.

1 మిల్లీసెకనుకు 0.05 శాతానికి తగ్గించాను. ఊగడం ఆగిపోయింది. అంత మార్పు శ్రుతిలో ఒక సెంటు కూడా కాదు కాబట్టి వినిపించదు. అయితే తేడా సున్నాకు రాకుండా 0.6 మిల్లీసెకను దగ్గర ఆగిపోయింది. చల్లని యంత్రంలో టేపు ఎప్పుడూ 0.03 శాతం నెమ్మదిగా నడుస్తోంది. దాన్ని భర్తీ చేసే వేగం పుట్టాలంటే ఎప్పుడూ 0.6 మిల్లీసెకను తేడా మిగిలి ఉండాలి, లేకపోతే దిద్దుబాటే ఉండదు. గడిచిన తేడాలను కూడబెట్టి ఆ మొత్తాన్ని కూడా వేగానికి కలిపే ఇంటిగ్రల్ భాగం చేర్చాక ఆ మిగులు కొద్ది సెకన్లలో కరిగి సున్నాకు చేరింది.

ఆ ఇంటిగ్రలే మర్నాడు నన్ను భయపెట్టింది. టేపును ఆపి టీ తాగి వచ్చి ప్లే నొక్కితే రీళ్లు ఒక్కసారిగా పరుగెత్తాయి. టేపు ఆగి ఉన్నంతసేపూ తేడాను కూడబెడుతూ పోయిన పెట్టె, మోటారు కదలగానే ఆ మొత్తాన్ని ఒకేసారి వసూలు చేసుకోబోయింది. అందుకని ఇప్పుడు రెండు దశలు పెట్టాను. తేడా 2 మిల్లీసెకన్ల కంటే ఎక్కువ ఉన్నంతసేపూ ఇంటిగ్రల్ స్తంభించి ఉంటుంది, వేగం 10 శాతం దాకా మారవచ్చు, టేపు అవుట్‌పుట్లు మ్యూట్‌లో ఉంటాయి. తేడా 2 మిల్లీసెకన్లలోపుకు వచ్చాక మ్యూట్ తొలగి, మార్పు 0.2 శాతానికి పరిమితమై, ఇంటిగ్రల్ పనిలోకి వస్తుంది. 10 శాతం వేగంతో ఒక సెకను ఎడం పూడ్చడానికి పది సెకన్లు పడుతుంది కాబట్టి ఏడవ రోజున పాటకు ముందు 30 సెకన్ల కోడ్ వదలడం మంచిదయింది. డ్రాపవుట్ వల్ల కోడ్ తెగితే పది ఫ్రేముల దాకా పెట్టె చివరి వేగాన్నే పట్టుకుని ఉంటుంది.

ఇరవై మూడవ రోజు

లాక్ అయిన తరువాత కూడా తేడా గ్రాఫు సున్నా మీద నిలవకుండా అటూ ఇటూ సుమారు 0.35 మిల్లీసెకను అలలా లేచి పడుతోంది. దిద్దుబాటు చురుకుదనాన్ని మార్చి చూశాను, అల మారలేదు. ఒక్కో అలకు రెండు సెకన్ల పైన పడుతోంది. రీలు మధ్యకు వెళ్లి చూస్తే అల పొడవు తగ్గింది, చివరకు వెళితే ఒక సెకనుకు దగ్గరగా వచ్చింది. కాప్‌స్టన్ అయితే ఎప్పుడూ ఒకే వేగంతో తిరుగుతుంది. పరిమాణం మారుతూ వేగం మారేవి రీళ్లే. నిండు రీలులో టేపు చుట్టు కొలత దాదాపు 80 సెంటీమీటర్లు, 38.1తో భాగిస్తే ఒక చుట్టుకు 2.1 సెకన్లు.

సప్లై రీలు అంచున తెల్ల కాగితం ముక్క ఒకటి అంటించి, దాని మీదే చూపు నిలిపి, గ్రాఫును పక్కన పెట్టుకున్నాను. కాగితం పైకి వచ్చిన ప్రతిసారీ అల శిఖరానికి చేరింది. చెవి దగ్గర పెడితే అదే క్షణంలో చాలా మెల్లగా, ఆకు రాసుకున్నట్టు ఒక శబ్దం. రీలును పట్టి ఉంచే హబ్ అడాప్టర్ ఒక వైపు సరిగా బిగుసుకోలేదు. రీలు వెంట్రుకవాసి వాలి తిరుగుతూ, దాని అంచు చుట్టుకొకసారి టేపును రాసుకుంటోంది. అడాప్టర్ విప్పి, తుడిచి, సమంగా బిగించాను. అల మూడో వంతుకు పడిపోయింది.

నెమ్మదైన వణుకు ఇంత కష్టపెట్టడానికి కారణం లెక్కలో ఉంది. 0.05 శాతం వణుకు సెకనుకు ఐదుసార్లు జరిగితే టేపు స్థానం 16 మైక్రోసెకన్లు మాత్రమే చలిస్తుంది. అదే వణుకు రెండు సెకన్లకు ఒకసారి జరిగితే 160 మైక్రోసెకన్లు. వేగంగా వణికేది వెంటనే వెనక్కి వస్తుంది, నెమ్మదిగా వణికేది దూరం పోయి వస్తుంది. నా దిద్దుబాటు ఈ రెండింటి కంటే ఇంకా నెమ్మదిది. రీలు అలను అది పట్టుకోలేదు, పట్టుకోవాలని ప్రయత్నించినా ఊయల మళ్లీ మొదలవుతుంది. ఇలాంటి జబ్బుకు మందు స్క్రూడ్రైవరే.

ఇరవై ఆరవ రోజు

హెడ్ల మధ్య దూరాన్ని ఈ రోజు లెక్కలోకి తెచ్చాను. టేపు ముందుగా రికార్డు హెడ్‌ను, తరువాత వినిపించే పని చేసే రీప్రో హెడ్‌ను దాటుతుంది. కొత్త ట్రాకు వేసేటప్పుడు పాత ట్రాకులను రికార్డు హెడ్ నుంచే వినాలి. టేపు యంత్రాల కంపెనీ ఆంపెక్స్ వారు సెల్-సింక్ అన్న పేరుతో తెచ్చిన ఈ ఏర్పాటు లేకపోతే అదే టేపు మీద పాత ట్రాకులకు సరిగ్గా కలిసేలా కొత్త ట్రాకు వేయడం సాధ్యం కాదు. నా యంత్రంలో రెండు హెడ్ల మధ్య 4.2 సెంటీమీటర్లు, అంటే 110 మిల్లీసెకన్లు. గాత్రం వేసేటప్పుడు సంగీతంతో పాటు టైమ్‌కోడ్ కూడా రికార్డు హెడ్ నుంచి రావాలి, మిక్సింగ్‌లో రెండూ రీప్రో హెడ్ నుంచి రావాలి. రెండూ ఒకే హెడ్ నుంచి వచ్చినంతకాలం ఏ సర్దుబాటూ అక్కరలేదు. 8వ ట్రాకును ఒక దానిలో, మిగతావాటిని ఇంకో దానిలో వదిలేస్తే మాత్రం కొత్తగా పాడిన గాత్రమంతా 110 మిల్లీసెకన్లు తప్పిన చోట పడుతుంది.

డీఏడబ్ల్యూ వైపు కూడా ఇలాంటి స్థిరమైన తేడా ఒకటి దొరికింది. సంగీతం మాస్టర్ బస్సు (ధ్వనులన్నీ కలిసే చివరి దారి) మీది లిమిటర్ (స్థాయి హద్దు దాటకుండా ఆపే ప్లగిన్) గుండా వస్తోంది, ఎల్‌టీసీ ట్రాకు వేరే అవుట్‌పుట్ నుంచి నేరుగా బయటకు పోతోంది. లిమిటర్ ముందుచూపు కోసం తీసుకునే 5 మిల్లీసెకన్లు ఒక దానికి ఉండి రెండో దానికి లేవు. మిక్సింగ్ నా విషయంలో బయటి మిక్సర్‌లోనే జరుగుతుంది కాబట్టి మాస్టర్ మీద ప్లగిన్లు పెట్టడం మానేశాను.

ముప్పయ్యవ రోజు

టేపు 1వ ట్రాకు మీదా, డీఏడబ్ల్యూలోనూ ఒకే క్లిక్‌ను ఉంచి, రెండింటినీ మిక్సర్‌లో ఎడమకు ఒకటి, కుడికి ఒకటి పంపి, రీలు మొత్తం నడిపి, ఆ స్టీరియోను వేరే రికార్డరులో పట్టాను. 32 నిమిషాలలో తేడా ఎక్కడా 0.2 మిల్లీసెకను దాటలేదు, మొదట్లో ఎంతో చివర్లోనూ అంతే. రీలులో వేరు వేరు చోట్ల నుంచి పదిసార్లు మొదలుపెడితే పదిసార్లూ పది సెకన్ల లోపే లాక్ అయింది.

0.2 మిల్లీసెకనులో శబ్దం గాలిలో ప్రయాణించే దూరం సుమారు 7 సెంటీమీటర్లు. వాద్యకారుడు కుర్చీలో కొంచెం వెనక్కి వాలితే వచ్చే తేడా కంటే ఇది ఎక్కువ కాదు, వేరు వేరు వాద్యాల మధ్య ఎవరికీ వినిపించదు. అయితే ఒకే శబ్దం రెండు వైపులా ఉంటే పరిస్థితి వేరు. డ్రమ్స్ పైన వేలాడే మైకులు డీఏడబ్ల్యూలో, స్నేర్ మైకు టేపు మీద పెట్టి ప్రయత్నించినప్పుడు స్నేర్ గొంతు మెల్లగా బోలుగా మారుతూ, మళ్లీ నిండుతూ కదిలింది, 0.2 మిల్లీసెకను దగ్గర ఒకే శబ్దపు రెండు ప్రతులు 2500 హెర్ట్జ్ దగ్గర ఒకదానినొకటి కొట్టివేసుకుంటాయి, తేడా కదిలినకొద్దీ ఆ చోటు కూడా కదులుతుంది. ఒక వాద్యానికి పెట్టిన మైకులన్నీ ఒకే వైపు ఉండాలన్నది ఇక నా సెషన్లలో మారని నియమం.

ఇంకా మిగిలిన పని ఉంది. ఫాస్ట్ ఫార్వర్డ్, రివైండ్ సమయాలలో లిఫ్టర్లు టేపును హెడ్ల నుంచి దూరంగా ఎత్తిపెడతాయి కాబట్టి కోడ్ అందదు. ఇప్పటికి నేనే చేత్తో టేపును పాట దగ్గరకు తెస్తున్నాను. యంత్రం రోలర్ తిరిగినకొద్దీ వచ్చే టాకో పల్సులను లెక్కపెట్టి, పెట్టె తానే టేపును సుమారైన స్థానానికి తెచ్చే ఏర్పాటు తరువాతి దశ.

ఈ రోజు చివరి పనిగా రీలు అట్టపెట్టె మీద చీటీ అంటించాను. దాని మీద రాసినది ఇదీ: 38.1 సెం.మీ. వేగం. ట్రాకు 8 ఎల్‌టీసీ, 25 ఫ్రేములు, మైనస్ 7 వీయూ, నాయిజ్ రిడక్షన్ లేదు. ట్రాకు 7 ఖాళీ. కోడ్ మొదలు 00:59:30:00, పాట మొదలు 01:00:00:00. సెషన్ 48 కిలోహెర్ట్జ్. మిక్సింగ్‌లో ఎనిమిది ట్రాకులూ రీప్రో హెడ్ నుంచి.